వకీలమ్మ జవాబులు: చచ్చినవాడి మీదే కేసు

పోయిన సంచికలో ఒక ఎన్‌కౌంటర్ ప్రశ్నకు జవాబు రాస్తూ పౌరహక్కుల వకీలు కె.జి. కన్నబిరాన్ గారి పేరు ఎత్తి, చోటు చాలక వదిలేశాను. సంచిక బయటికొచ్చిందో లేదో ఉత్తరాలు మొదలయ్యాయి. తిట్లు కొన్ని, ప్రశ్నలు చాలా. భూమి తగాదాలు, భరణం కేసులు రాసి పంపినవాళ్లు ఈ ఒక్కసారికి ఓపిక పట్టాలి. ఈ నెల పేజీలన్నీ పోలీసుల మీద కేసులకే.

ప్రశ్న: లా మూడో ఏడు చదువుతున్నాను. కన్నబిరాన్ గారి పేరు మా తాతయ్య నోట విన్నాను తప్ప క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఆయన గెలిచిన పెద్ద కేసు ఒకటి చెప్పండి మేడం. – ఒక విద్యార్థిని, ఖమ్మం

తల్లీ, "గెలిచిన పెద్ద కేసు" ఒకటి తీసి చూపించమంటే నేనూ తడుముకోవాలి. ఈ రకం ప్రాక్టీసులో తీర్పు చేతికొచ్చేనాటికి సాక్షుల్లో కొందరు పోయుంటారు, కొందరు మాట మార్చుంటారు, ముద్దాయి వెంట్రుకలు నెరిసుంటాయి.

ఆయన 1929లో పుట్టారు. నెల్లూరులో పెరిగి, మద్రాసులో చదివి, 1960 ప్రాంతంలో హైదరాబాద్ వచ్చి ప్రాక్టీసు పెట్టారు. శ్రీకాకుళ పోరాటం అణిగాక వచ్చిన పార్వతీపురం కుట్ర కేసు, 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసు, రెండింటిలోనూ ముద్దాయిల తరఫున నిలబడ్డారు. సికింద్రాబాద్ కేసులో బాంబులు పట్టుకున్నారన్నవాళ్లతో పాటు పద్యాలు రాసినవాళ్లు కూడా ముద్దాయిలే. ఆ కేసు 1989లో గానీ కొట్టేయలేదు. పదిహేనేళ్లు వాయిదాలకు తిరిగినవాళ్లని "నిర్దోషులు, ఇళ్లకు వెళ్లండి" అంటే దాన్ని గెలుపు అనాలో ఏమనాలో నువ్వే చెప్పు.

నేనైతే ఆయన వకీలుతనానికి అసలు మలుపు 1977లో చూస్తాను. ఎమర్జెన్సీ మొదలైన కొద్ది వారాలకే, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు "ఎన్‌కౌంటర్"లో చనిపోయారని ప్రకటన వచ్చింది. ఎమర్జెన్సీ ఎత్తేశాక జయప్రకాశ్ నారాయణ్ చొరవతో మాజీ జడ్జి వి.ఎం. తార్కుండే అధ్యక్షుడిగా ఒక నిజనిర్ధారణ కమిటీ వేశారు. కన్నబిరాన్ అందులో పనిచేశారు. ఊరూరూ తిరిగి చూసినవాళ్లనీ విన్నవాళ్లనీ కూర్చోబెట్టి వాంగ్మూలాలు రాసుకున్నారు. పిల్లల్ని పట్టుకుని, చెట్లకు కట్టి కాల్చారని ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. దానితో ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ వేయక తప్పలేదు. పోలీసుల కథనాన్ని నలుగురి ముందూ ప్రశ్నించే చోటు అప్పటిదాకా రాష్ట్రంలో లేదు. విచారణ అలా బహిరంగంగా సాగితే ఏమవుతుందో ప్రభుత్వానికి తొందరగానే అర్థమైంది. తలుపులు మూసి జరపాలని పట్టుబట్టింది. పౌరహక్కుల వైపువాళ్లు ఒప్పుకోలేదు, పని అక్కడే ఆగింది.

మరి ఏం మిగిలింది? వాంగ్మూలాలు మిగిలాయి. ఎవరు ఎప్పుడు పట్టుకెళ్లారు, ఎవరు చూశారు అన్నది తేదీలతో సహా కాగితం మీదికి వచ్చింది. 1978 నుంచి 1994 వరకు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అధ్యక్షుడిగా, తర్వాత కొన్నేళ్లు పీయూసీఎల్ (పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్) జాతీయ అధ్యక్షుడిగా, 2010 డిసెంబరులో పోయేదాకా ఇంచుమించు ఆయన చేసింది ఈ పనే. నీ పుస్తకాల్లో రిట్ల గురించి, అంటే ప్రభుత్వం మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్ల గురించి, చదువుతావు. రిట్‌కు ముందు ఊరికి వెళ్లి అడిగి రాసుకోవడం ఉంటుంది. అది సిలబస్‌లో లేదు.

ప్రశ్న: ఎన్‌కౌంటర్ జరిగితే కేసు చనిపోయినవాళ్ల మీద పెడతారని మీరు రాశారు. చచ్చినవాడి మీద కేసేంటి? ముద్రణ దోషమా? – ఒక పాఠకుడు, కరీంనగర్

ముద్రణ దోషం కాదు బాబూ, అదే పద్ధతి.

ఒక పోలీసు దళం కూంబింగ్‌కు, అంటే అడవి గాలించడానికి, పోతుంది. తెల్లారేసరికి అడవిలో ఇద్దరు చచ్చిపడి ఉంటారు. దళానికి ముందు నడిచిన అధికారే దగ్గర్లోని స్టేషన్‌కు వచ్చి ఫిర్యాదు రాసిస్తాడు: లొంగిపొమ్మన్నాం, వినలేదు, కాల్చారు, మా ప్రాణాలు కాపాడుకోడానికి మేమూ కాల్చాం. దాని మీద హత్యాయత్నం సెక్షన్ కింద, అంటే అప్పటి ఐపీసీ 307 కింద, ఎఫ్ఐఆర్ అవుతుంది. ముద్దాయిలు చనిపోయిన ఆ ఇద్దరు, "చీకట్లో పారిపోయిన మరికొందరు". ఫిర్యాది పోలీసు, సాక్షులు పోలీసులు, దర్యాప్తు చేసేదీ పోలీసే. కొన్నాళ్లకు కోర్టుకు ఒక నివేదిక వస్తుంది, ముద్దాయిలు మరణించారు గనక కేసు మూసేస్తున్నామని. ఇద్దరు మనుషులు ఎవరి తూటాకు, ఎంత దూరం నుంచి, ఏ భంగిమలో ఉండగా చచ్చారన్నది ఆ ఫైల్లో ఎవరూ ఎవరినీ అడగరు.

కన్నబిరాన్ గారూ, ఆయన తోటివాళ్లూ ఏళ్ల తరబడి వాదించింది దీని మీదే. పోలీసులు అబద్ధమాడుతున్నారని అనాల్సిన అవసరం కూడా లేదు ఆ వాదనలో. పోలీసు చెప్పిందే నిజమనుకుందాం. అప్పుడు కూడా ఒక మనిషి ఇంకో మనిషిని చంపాడు. ఆత్మరక్షణ కోసం చంపానంటే చట్టం వదిలేస్తుంది. కానీ ఆ మాట తేల్చాల్సింది ఎవరు? రేపు నా ఇంట్లోకి దొంగ చొరబడి నా చేతిలో చస్తే, "ఆత్మరక్షణే" అని నేనే సర్టిఫికెట్ రాసుకుని ఇంట్లో కూర్చుంటానంటే ఏ ఎస్సై ఒప్పుకుంటాడు? నా మీద కేసు కట్టి, దర్యాప్తు చేసి, రుజువు చేసుకోమంటాడు. పోలీసుకున్న ఆత్మరక్షణ హక్కూ నాకున్నదే. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఇంత సాదా మాట ఒక సంస్థ చేత అధికారికంగా అనిపించడానికి 1996 నవంబరు దాకా పట్టింది. పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీద విచారణ జరిపిన జాతీయ మానవ హక్కుల కమిషన్, చనిపోయినవాళ్లనే ముద్దాయిలుగా రాసుకుని కేసు మూసేసే పద్ధతి తప్పని చెప్పింది. 1997 మార్చిలో కమిషన్ ఛైర్మన్ జస్టిస్ వెంకటాచలయ్య ముఖ్యమంత్రులందరికీ ఆ మేరకు లేఖ రాశారు. లేఖలు అందాయి, పద్ధతి కదల్లేదు.

తర్వాతి పెద్ద మెట్టు మన హైకోర్టులోనే. 2006 జులైలో నల్లమలలో మావోయిస్టు రాష్ట్ర కార్యదర్శి మాధవ్‌తో సహా ఎనిమిదిమంది చనిపోయిన ఎన్‌కౌంటర్ మీద పౌరహక్కుల సంఘం వేసిన కేసు ఐదుగురు జడ్జిల ధర్మాసనం దాకా వెళ్లింది. 2009 ఫిబ్రవరి 6న తీర్పు వచ్చింది. పోలీసు చేతిలో మనిషి చనిపోతే చంపినవాళ్ల మీద ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, ఆత్మరక్షణో కాదో దర్యాప్తు అధికారి తేల్చేయడం కుదరదని. ఆ తీర్పు కాపీ మా బార్ రూంలో చేతులు మారి మారి నలిగిపోయింది. నెల తిరక్కుండానే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో మరో హక్కుల వకీలు బాలగోపాల్, మరుసటి ఏడు కన్నబిరాన్ వెళ్లిపోయారు.

2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టే, ముంబై ఎన్‌కౌంటర్ల మీద పీయూసీఎల్ వేసిన కేసులో, 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ ఉండాలి. దర్యాప్తు సీఐడీయో వేరే స్టేషన్ బృందమో చేయాలి, అదీ కాల్పుల్లో పాల్గొన్న అధికారి కంటే పైస్థాయివాడి పర్యవేక్షణలో. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. కాల్చినవాళ్లకు వెంటనే ప్రమోషన్లూ పతకాలూ ఇవ్వకూడదు. ఆఖరి షరతు చదివినప్పుడు మా సీనియర్ ఒకాయన నవ్వారు. ఎందుకు నవ్వారో ఈ ప్రాంతంలో ప్రాక్టీసు చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అయితే ఎఫ్ఐఆర్ ఉండాలన్నారే గాని అందులో ముద్దాయి కాలమ్‌లో ఎవరి పేరు రాయాలో 2009 తీర్పు చెప్పినంత ఖరాఖండీగా 2014 తీర్పు చెప్పలేదు. ఇప్పటికీ తగాదా ఆ ఒక్క కాలమ్ దగ్గరే.

ప్రశ్న: ముప్పై ఏళ్లు ఖాకీ వేసుకున్నవాణ్ణి. నా పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు మందుపాతరకు ముక్కలైపోయాడు. మీ కన్నబిరాన్‌లూ బాలగోపాల్‌లూ అప్పుడెక్కడున్నారు? నక్సలైట్లకు వకాలత్ పుచ్చుకోవడమేనా హక్కులంటే? – రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, ఒంగోలు

అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా మేనమామ కూడా కానిస్టేబులే. ఏజెన్సీ డ్యూటీ పడితే ఆయన తిరిగొచ్చేదాకా మా అత్త పొయ్యి మీద ఏం పెట్టిందో ఆమెకే తెలిసేది కాదు. కాబట్టి మీ కోపాన్ని తీసిపారేయను.

మీరడిగిన ప్రశ్న పౌరహక్కుల సంఘం లోపలే చీలిక తెచ్చింది. రాజ్యహింసను మాత్రమే ప్రశ్నించాలా, నక్సలైట్లు చేసే హత్యల గురించి కూడా మాట్లాడాలా అని ఏళ్లపాటు గొడవపడ్డారు. మాట్లాడాలన్నవాళ్లలో ముఖ్యుడు బాలగోపాల్. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మనిషి, ఉద్యోగం వదిలేసి, తర్వాత లా చదివి వకీలయ్యారు. 1998లో బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టారు. ఆయన మాటలు మీకు నచ్చకపోవచ్చు గాని, మీ మిత్రుడి చావు గురించి మౌనంగా ఉన్నారని మాత్రం అనలేరు. కన్నబిరాన్ గారి సంగతి వేరు. ఆయన చేసింది వకీలు పని. దొంగ తరఫున వాదించిన వకీలు దొంగ కాడు. స్టేషన్లో పనిచేసిన మీకు ఇది నాకన్నా బాగా తెలుసు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీలో ఎస్.ఆర్. శంకరన్ లాంటి ఐఏఎస్ అధికారుల్ని నక్సలైట్లు పట్టుకుపోయినప్పుడు విడిపించే మాటల కోసం ప్రభుత్వం ఎవరెవరి తలుపు తట్టిందో వాళ్లలో కన్నబిరాన్ ఒకరు.

ఇంకోటి కూడా మీతో పంచుకోవాలి. 1985 సెప్టెంబరు 3న మా వరంగల్‌లో, నక్సలైట్లు చంపిన ఒక ఎస్సై శవయాత్ర సాగుతుండగా, పిల్లల డాక్టరు రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆయన పౌరహక్కుల సంఘం నాయకుడు. చంపింది పోలీసులేనని సంఘం ఆనాటి నుంచీ అంటోంది. ఊళ్లో సగంమంది పిల్లలకు సూది వేసిన చెయ్యి ఆయనది, అందులో పోలీసు క్వార్టర్ల పిల్లలూ ఉండే ఉంటారు. 1991లో లాయరు నర్రా ప్రభాకర్ రెడ్డి, 2000లో పురుషోత్తం, 2001లో ఆజం అలీ. సంఘంలో పనిచేసినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఎదుటివాడి శవం ముందు పెట్టి మన శవం లెక్క సరిచూసుకోవడం మొదలుపెడితే మీరూ నేనూ ఈ కాలమ్‌లో తెమిలేది కాదు.

ఇన్నేళ్ల అనుభవంతో మీకొక విషయం చెబుతాను. ఇలాంటి కేసు కోర్టుకెక్కిన రోజున బోనులో నిలబడేది కానిస్టేబులూ, హెడ్డూ, మహా అయితే ఎస్సై. నోటిమాటతో ఆర్డరిచ్చినాయన పేరు కాగితం మీద ఎక్కడా ఉండదు. "రాతపూర్వకంగా ఇవ్వండి సార్" అనే హక్కు కింది ఉద్యోగికి ఉండాలని పోరాడిన పోలీసు సంఘం ఏదైనా ఉంటే చెప్పండి, నేను ఉచితంగా వకాలత్ వేస్తాను.

ప్రశ్న: సినిమాల్లో లాయరు బల్ల గుద్దితే జడ్జిగారు సీఐని అక్కడికక్కడే అరెస్టు చేయిస్తారు. నిజంగా అవుతుందా? – తణుకు

బల్ల గుద్దితే జడ్జిగారు ముందు మన వైపు చూస్తారు. ఆ చూపు చాలు, వాయిదా పడుతుంది.

ప్రశ్న: 1978లో నేను నల్లకుంటలో అద్దెకుండేవాణ్ణి. స్టేషన్ తగలబడటం, కర్ఫ్యూ గుర్తున్నాయి. ఆ కేసులో పోలీసులకు శిక్ష పడిందా? – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

పడలేదు సార్.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రాత్రి సినిమా చూసి వస్తున్న భార్యాభర్తల్ని పోలీసులు ఆపారు. స్టేషన్లో ఆమె మీద అత్యాచారం చేశారని, అడ్డుపడిన భర్తను కొట్టి చంపారని ఆరోపణ. ఊరు భగ్గుమంది, కాల్పులు జరిగాయి. ఆమె పేరు అప్పుడు పేపర్లన్నీ పెద్దక్షరాల్లో వేశాయి. ఇప్పుడు అలా వేయడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి నేను రాయను. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులు దోషులేనంది. కమిషన్ ముందు జరిగిందంతా ఆ తల్లి గుణం మీద విచారణ. ఆ పెళ్లి పెళ్లేనా, ఆమె ఎలాంటి మనిషి, ఇవే ప్రశ్నలు. తర్వాత క్రిమినల్ కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది. అక్కడ అందర్నీ వదిలేశారు.

కమిషన్ తేల్చింది కదా, మళ్లీ ఎలా వదిలారు అని మీకు సందేహం రావచ్చు. కమిషన్ నివేదిక ప్రభుత్వానికి ఇచ్చే సలహా మాత్రమే. క్రిమినల్ కోర్టులో సాక్ష్యం మళ్లీ మొదటి నుంచి నడవాలి. కమిషన్ వేశారంటే సంబరపడొద్దని నా జూనియర్లకు చెప్పేది అందుకే. కాకపోతే ఈ కేసూ, మహారాష్ట్రలో ఇంకో స్టేషన్లో జరిగిన ఇలాంటి కేసూ కలిసి దేశమంతా ఆడవాళ్లను రోడ్డెక్కించాయి. 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో అత్యాచారం ప్రత్యేక నేరమైంది, బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది. ఆమెకు మాత్రం ఏమీ దక్కలేదు.

ప్రశ్న: 2019లో వెటర్నరీ డాక్టరు అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న నలుగుర్ని చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చినప్పుడు మేం కాలేజీ అమ్మాయిలమంతా వెళ్లి పోలీసులకు రాఖీలు కట్టాం. తప్పు చేశామా? – హైదరాబాద్

భయపడిన పిల్లలు రక్షణ దొరికిందనుకుని రాఖీ కడితే నేనేం తప్పు పడతాను? ఆ వెటర్నరీ డాక్టరమ్మకు జరిగింది విని నేనూ నిద్రపోలేదు. కానీ తర్వాత ఏం తేలిందో తెలుసుకో. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. వాళ్లు తుపాకులు లాక్కుని కాల్చారన్న కథ నమ్మేలా లేదంది. చంపాలనే కాల్చారంది. 10 మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆపైన సంగతి హైకోర్టుకు పంపారు. నాలుగు శవాలు పడ్డాక, ఆ నేరం చేసింది ఆ నలుగురేనా, ఎవరెంత చేశారు అని ఏ కోర్టూ సాక్ష్యం విని తేల్చే వీలు లేకుండా పోయింది. డాక్టరమ్మ కేసులో తీర్పన్నదే లేదమ్మా.

ప్రశ్న: ఇలాంటి కేసులే చేస్తే ఇల్లు గడుస్తుందా? నిజం చెప్పండి. – జూనియర్ న్యాయవాది, అనంతపురం

గడవదు. నా ఇల్లు మోటారు ప్రమాదాల నష్టపరిహారం కేసులతో గడిచింది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చెక్ బౌన్సులు చేసుకో, పార్టిషన్ దావాలు చేసుకో. వారంలో ఒక పూట వీటికి ఉంచుకో. ఎంతకాలం పడుతుందంటావా? విశాఖ ఏజెన్సీలో వాకపల్లి ఆదివాసీ స్త్రీలు 11 మంది, గ్రేహౌండ్స్ వాళ్లు, అంటే నక్సలైట్ల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసు దళంవాళ్లు, అత్యాచారం చేశారని ఫిర్యాదు చేసింది 2007 ఆగస్టులో. తీర్పు 2023 ఏప్రిల్‌లో. ముద్దాయిల్ని వదిలేశారు. దర్యాప్తు సరిగ్గా చేయలేదని, వాళ్లకు పరిహారం ఇవ్వాలని కూడా ఆ తీర్పులోనే రాశారు. మొదటి రోజు దర్యాప్తులో పడిన కన్నం పదహారేళ్ల తర్వాత ఎంత గొప్ప వకీలూ పూడ్చలేడు. నువ్వు ఉపయోగపడేది ఆ మొదటి రోజే. ఫోన్ ఆపకు.

ప్రశ్న: మా తమ్ముణ్ణి దొంగతనం కేసులో అనుమానమని స్టేషన్‌కు పిలిచి మూడు రోజులు కూర్చోబెట్టారు. బాగా కొట్టారు. నాలుగో రోజు అరెస్టు చూపించి కోర్టుకు తెచ్చారు. జడ్జిగారు "కొట్టారా" అని అడిగితే లేదన్నాడు. ఇప్పుడు బెయిలు మీద వచ్చాడు. ఏమైనా చేయగలమా? – ఒక అక్క, తెనాలి

అమ్మా, "లేదు" అన్నాడని వాణ్ణి తిట్టకండి. వెనక నిలబడ్డ ఎస్కార్టుతోనే మళ్లీ వ్యాన్ ఎక్కాలి కదా. ఆ ఒక్క మాటతో కేసు చావదు.

అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. దాన్ని తప్పించుకోడానికే "కూర్చోబెట్టడం" పుట్టింది. అరెస్టు తేదీ వాళ్ల చేతిలో ఉంది, కానీ మీ తమ్ముడు ఇల్లు దాటిన తేదీ మీ చేతిలో ఉంది. పిలిచిన ఫోన్ నంబరు, టైము, మీరు స్టేషన్‌కు టిఫిన్ పట్టుకెళ్లిన సంగతి, బయట ఎదురుచూస్తూ మీ ఆయనకు పెట్టిన వాట్సాప్ మెసేజీలు, ఏవీ చెరిపేయకండి. అప్పుడే ఎస్పీకి, మేజిస్ట్రేటుకు ఒక అర్జీ పంపి ఉంటే బంగారం. పాతరోజుల్లో మా సీనియర్లు అర్ధరాత్రి తంతి ఆఫీసుకు పరిగెత్తి టెలిగ్రాం కొట్టించేవాళ్లు, దాని మీద పడే టైము ముద్ర కోసం. ఇప్పుడు ఈమెయిల్ చాలు. చదివే మిగతావాళ్లు ఇది గుర్తుంచుకోండి: మనిషి ఇంకా లోపల ఉండగానే పంపాలి. అప్పటికీ వదలకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగే పిటిషన్.

ఇప్పుడు మీ పని. ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి దెబ్బలు రాయించండి, ఎలా తగిలాయని డాక్టరు అడిగితే జరిగింది చెప్పనివ్వండి. అరెస్టు చేశాక చేయించిన వైద్య పరీక్ష నివేదిక కాపీ అడగండి. సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ కింద అది ఇవ్వాలి. అందులో "గాయాలు లేవు" అని ఉంటే, ఆసుపత్రి కాగితం పక్కన పెట్టి చూస్తే రెండింట్లో ఒకటి అబద్ధమని తేలుతుంది. నేరం ఒప్పించడానికి కొట్టడం ఐపీసీ బదులు వచ్చిన న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద నేరం. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి, ఆపైన మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు. "విధి నిర్వహణలో చేశాం, అనుమతి లేకుండా కేసు పెట్టకూడదు" అంటారు. కొట్టడం విధి కాదని వాదించాలి. ఒక్కోసారి నెగ్గుతుంది, ఒక్కోసారి నెగ్గదు. కస్టడీలో గాయాలుంటే పోలీసులే సంజాయిషీ చెప్పుకోవాలని సాక్ష్య చట్టంలో ఒక సెక్షన్ చేర్చమని లా కమిషన్ 1985లోనే అడిగింది. ఇప్పటికీ చేర్చలేదు. అందుకే రుజువు బరువంతా మీ మీదే పడుతోంది.

అన్నిటికన్నా ముందు ఒకటి. ప్రతి స్టేషన్లో లాకప్పుల్లో, వరండాల్లో కెమెరాలుండాలని, వాటి రికార్డింగు 18 నెలలు, ఎంత తక్కువైనా ఏడాది దాచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ మూడు రోజుల తేదీలు వేసి, ఫుటేజీ చెరిపేయకుండా భద్రపరచమని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, మేజిస్ట్రేటు కోర్టులో ఒక పిటిషన్, ఈ వారంలోనే వేయించండి. కెమెరా పనిచేయట్లేదంటారు. ఆ మాటే రాసిమ్మనండి. ఏ తేదీ నుంచి పనిచేయట్లేదో, బాగుచేయమని ఎవరికి ఎప్పుడు లెటరు పెట్టారో కూడా అందులో రాయమనండి.